బుల్లి విమానం రేంజ్ టెస్ట్: మోటార్ వేస్తే దూరం పడిపోతోంది, ఎందుకు?

ఫోమ్‌బోర్డు:
నాది 80 సెం.మీ. రెక్కల రిమోట్ కంట్రోల్ ఫోమ్ మోడల్, బ్రష్‌లెస్ మోటార్, 2 సెల్ లైపో బ్యాటరీ, 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్. రేంజ్ మోడ్‌లో (దూరం పరీక్షించడానికి ట్రాన్స్‌మిటర్ పవర్ తగ్గించే సెట్టింగ్) మోటార్ ఆపి ఉంటే 30 అంగల దాకా కంట్రోల్స్ బాగున్నాయి. ఫుల్ థ్రాటిల్‌లో 18 అంగలకే రడ్డర్ (తోక చుక్కాని) వణుకుతోంది. రిసీవర్ పోయినట్టేనా?

బాల్సా:
అప్పుడే రిసీవర్ మార్చకండి. విమానాన్ని నేలమీద పెట్టి చూశారా? అలాగైతే ఆ అంకెను నమ్మలేం. మీటరు ఎత్తు ప్లాస్టిక్ స్టూల్ మీద పెట్టండి. ఇనుప బల్ల, కారు టాప్ వద్దు. ట్రాన్స్‌మిటర్ యాంటెనా కొసను మోడల్ వైపు గురిపెట్టకూడదు, ఆ దిశలోనే సిగ్నల్ అన్నిటికన్నా తక్కువ. ముక్కు, తోక, రెండు పక్కలు మీవైపు తిప్పి చూడండి. అన్నిట్లో తక్కువ వచ్చిన దూరమే మీ అసలు రేంజ్.

రేంజ్ మోడ్ పవర్‌ని 30 డెసిబెల్స్ తగ్గిస్తే అది వెయ్యో వంతవుతుంది, దూరం సుమారు 32వ వంతుకు పడుతుంది. ఎంత తగ్గిస్తుందో ఒక్కో సెట్‌కి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి.

సర్వో:
ఇది బీఈసీ (బ్యాటరీ నుంచి రిసీవర్‌కి కరెంటిచ్చే సర్క్యూట్) పనిలా ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో వోల్టేజ్ పడిపోతోంది.

బాల్సా:
అలా అనిపించట్లేదండీ. వోల్టేజ్ అంతలా పడితే పక్కనే నిలబడ్డా రిసీవర్ రీసెట్ అవుతుంది, దూరంతో పనేముంది? దూరం పెరిగితేనే వణుకుతోందంటే నాయిస్, అంటే సిగ్నల్‌కి అడ్డుపడే విద్యుత్ అలజడి. అది గాల్లోంచి యాంటెనాకైనా తగలొచ్చు, బీఈసీ తీగల్లోంచైనా రావచ్చు.

సర్వో:
నిజమే. ఏ దారిన వస్తోందో ఇలా తేల్చవచ్చు: ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే సర్క్యూట్) నుంచి రిసీవర్‌కి వెళ్లే ప్లగ్‌లో మధ్య ఎర్ర తీగ పిన్ను ఊడదీసి టేప్ చుట్టండి. నల్ల తీగ, సిగ్నల్ తీగ అలాగే ఉండాలి. రిసీవర్‌కి విడిగా 4.8 వోల్టుల నికెల్ ప్యాక్ ఇచ్చి మళ్లీ ఫుల్ థ్రాటిల్ వేయండి. 30 అంగలు వస్తే నాయిస్ బీఈసీది, 18 దగ్గరే ఆగితే యాంటెనా దగ్గర వెతకాలి. ప్రొపెల్లర్ ఉంచే చేయాలి, లోడ్ లేకపోతే నాయిస్ బయటపడదు. ఒకరు తోకవైపు నుంచి గట్టిగా పట్టుకోవాలి.

ఫోమ్‌బోర్డు:
చేశాను, విడి ప్యాక్‌తోనూ 18 అంగలే. యాంటెనా ఈఎస్‌సీ తీగల పక్కనే టేప్ చేసి ఉంది.

బాల్సా:
దొరికింది. యాంటెనా చివర తొడుగు లేని 31 మి.మీ. ముక్కే సిగ్నల్ అందుకుంటుంది. అది పావు తరంగదైర్ఘ్యం, కత్తిరించినా మడిచినా రేంజ్ పోతుంది. దాన్ని బ్యాటరీ, ఈఎస్‌సీ తీగలు, కార్బన్ రాడ్లకు వీలైనంత దూరంగా ఫోమ్‌లో గాడి చేసి నిటారుగా పెట్టండి. రెండు యాంటెనాలుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో.

ఫోమ్‌బోర్డు:
రెక్క అంచుకు జరిపాను. ఫుల్ థ్రాటిల్‌లో 29 అంగలు వచ్చాయి!

సర్వో:
బాగుందండీ. ఎర్ర తీగ మళ్లీ పెట్టి, అలాగే ఇంకోసారి చూడండి. తర్వాత ప్రొపెల్లర్ విప్పి, సగం థ్రాటిల్‌లో ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. మోటార్ ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటార్ ఆపే సెట్టింగ్) మళ్లీ సెట్ చేయాలి. ఎగరేసే ముందు రేంజ్ మోడ్ ఆఫ్ అయిందో లేదో స్క్రీన్ మీద చూసుకోండి.