గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోంది, 100 మిల్లీఆంపియర్లది పెట్టమంటున్నారు. పెట్టించొచ్చా?

బెంగళూరు మారతహళ్లిలో పాత బిల్డింగ్‌లో అద్దెకుంటున్నాం. బోర్డులో 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది, దాని మీద 30 మిల్లీఆంపియర్లని (ఎంత లీకైతే పడాలో ఆ లెక్క) రాసి ఉంది. కొన్నాళ్లుగా పొద్దున గీజర్ వేస్తే వెంటనే కాదు గానీ నీళ్లు కాస్త వేడెక్కాక టప్‌మని పడిపోతోంది, ఇల్లంతా కరెంటు పోతుంది. ఎంసీబీలన్నీ (లోడు ఎక్కువైతే పడే స్విచ్‌లు) పైకే ఉంటున్నాయి కాబట్టి ఓవర్‌లోడ్ కాదు, ఎర్త్‌కి లీకేజీయే అనుకుంటున్నా. టెస్ట్ బటన్ నొక్కితే సరిగ్గానే పడుతోంది. విచిత్రమేంటంటే గీజర్ స్విచ్ ఆపినా ప్లగ్గు పెట్టి ఉంటే ఒక్కోసారి పడుతోంది, ప్లగ్గు పీకేస్తే రోజంతా ఏ గొడవా లేదు. న్యూట్రల్ వైపు కూడా లీకవుతుంటే ఇలా అవుతుందా?

మాది బోరు నీళ్లు. ఎలక్ట్రీషియన్ గీజర్ కింది మూత తీస్తే ఎలిమెంట్ టెర్మినళ్ల చుట్టూ తెల్లగా సున్నం పేరుకుని, ఒక పక్క తడిగా, తుప్పు చార కనిపించింది. అయినా ఆయన "30ది మరీ సెన్సిటివ్ సార్, 100ది వేసేద్దాం" అంటాడు, ఓనరైతే ఏకంగా ఆర్‌సీసీబీ లేకుండా డైరెక్ట్ చేసేయమంటున్నాడు! మనిషిని షాక్ నుంచి కాపాడాలంటే 30 దాటకూడదు, 100, 300లు నిప్పంటుకోకుండా చూడ్డానికే కదా. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, నేనైతే ఒప్పుకోను.

ఎలిమెంట్, గాస్కెట్ మారిస్తే సరిపోతుందా, గీజరే మార్చాలా? మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) చూపిస్తే రీడింగ్ ఎంత రావాలి? ఓనర్‌కి ఎలా నచ్చజెప్పాలో కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్.