1899 ఫిలిప్పీన్స్ పోరు: ‘తిరుగుబాటు’ అనాలా, ‘యుద్ధం’ అనాలా?

ప్రశ్న: ఫిలిప్పీన్స్ చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. పాత అమెరికా కాగితాల్లో 1899లో ఫిలిప్పినోలు అమెరికాతో చేసిన పోరుకు ‘ఫిలిప్పీన్ ఇన్సరెక్షన్’ అని పేరు. నిఘంటువు ‘తిరుగుబాటు’ అంటోంది. ‘పితూరీ’ అంటే ఇంకా బాగుంటుందేమో అనిపించింది. పెద్దలు చెప్పగలరు.

జవాబు: నిఘంటువు తప్పు చెప్పలేదమ్మా. కానీ ఒకరి ఏలుబడి అప్పటికే నడుస్తుంటేనే కదా దాని మీద తిరగబడేది! తేదీలు వరసగా చూడండి. 1898 జూన్ 12న కవిత్‌లో ఫిలిప్పినోల నాయకుడు అగినాల్డో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించాడు. డిసెంబర్ 10న పారిస్‌లో స్పెయిన్, అమెరికా ఒప్పందం రాసుకున్నాయి. 2 కోట్ల డాలర్లు ఇచ్చి ఫిలిప్పీన్స్ దీవులను అమెరికా తీసుకునేలా బేరం కుదిరింది. ఫిలిప్పినోల ప్రతినిధి అగోన్సిల్లో పారిస్ దాకా వెళ్తే ఆ చర్చల్లోకి రానివ్వలేదు. వాళ్ల దేశం గురించిన మాటలు వాళ్లు లేకుండానే అయిపోయాయి.

1899 జనవరి 23న మలోలోస్‌లో రాజ్యాంగంతో సహా గణతంత్రం ఏర్పడింది. ఫిబ్రవరి 4 రాత్రి మనీలా శివార్లలో కాల్పులు మొదలయ్యాయి. పారిస్ ఒప్పందాన్ని అమెరికా సెనేట్ ఆమోదించింది ఎప్పుడనుకున్నారు? ఫిబ్రవరి 6న! తొలి తూటా పేలిన రాత్రికి అమెరికా చట్టం లెక్కలో కూడా ఆ దీవులు ఇంకా అమెరికావి కావు. ఇక తిరుగుబాటు ఎక్కడిది? అది రెండు ప్రభుత్వాల మధ్య యుద్ధం. 20 వేలకు పైగా ఫిలిప్పినో యోధులు పోయారు. హింస, కరువు, రోగాలు కలిసి 2 లక్షల దాకా మామూలు జనాన్ని పొట్టన పెట్టుకున్నాయని అంచనా.

మరో సభ్యుడు: ‘పితూరీ’ కూడా వద్దనే నా మాట. 1879లో రంపలో మన్యం జనం లేచినప్పుడు, 1922–24లో అల్లూరి సీతారామరాజు పోరాడినప్పుడు తెల్లదొరల రికార్డుల్లో పడ్డ పేరది. పైగా వాడుకలో పితూరీ అంటే చాడీ అనే అర్థమూ ఉంది. ఆ మాటను ఇంకొక జాతి పోరాటానికి మనం తగిలించడం నాకు మనసొప్పదు.

ప్రశ్న: మరి 1902 జూలై 4న అంతా ముగిసిందని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రకటించాక కూడా కొందరు పోరాడారు కదా మాస్టారూ? దాన్ని యుద్ధం అనలేం. కోర్టు కాగితాల్లో వాళ్లను బందిపోట్లు అన్నారు.

జవాబు: ఆ ఏడాది నవంబర్లోనే అందుకో చట్టం తెచ్చారు. దోపిడీ కోసం ఆయుధం పట్టి గుంపుగా తిరుగుతున్నారంటే చాలు, బందిపోటే. అలా పోరు సాగించిన నాయకుడు మకారియో సకాయ్‌ను 1907లో మనీలాలో ఉరి తీసింది ఆ నేరం కిందే. స్వాతంత్ర్యం కావాలని ప్రచారం చేయడమే నేరమని అంతకుముందు 1901లోనే మరో చట్టం ఉంది. అలాంటి చోట ‘బందిపోటు’ను తీర్పులో మాటగా కొటేషన్లలో పెట్టండి. మీ గొంతుతో చెప్పే వాక్యంలో మాత్రం ‘సాయుధ పోరాటం’ అనండి, చాలు.

ప్రశ్న: అలాగే చేస్తాను. ‘ఇన్సరెక్షన్’ అన్న పాత పేరును ఒక్క అధోసూచికలో ఇస్తాను. 1896లో స్పెయిన్ మీద లేచినదానికి ‘తిరుగుబాటు’ ఉంచవచ్చా?

జవాబు: నిక్షేపంగా ఉంచండి. అక్కడ 300 ఏళ్లు దాటిన ఏలుబడి ఉంది. దాని మీదే తిరగబడ్డారు.