తోటి విద్యార్థి హత్యకు గురయ్యాడు: పిల్లలతో మాట్లాడాలా, మాట్లాడకుండా ఉండాలా?

ప్రశ్న: పదో తరగతి ఉపాధ్యాయురాలు

మాది అందరూ అందరికీ తెలిసిన చిన్న పట్టణం. నా తరగతిలో చదువుతున్న ఒక బాలుడు ఇటీవల హత్యకు గురయ్యాడు. నిందితుడిగా అరెస్టయిన యువకుడు కూడా ఈ ఊరివాడే, అతని చెల్లెలు మా బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. బడి తిరిగి తెరిచిన రోజున సంతాప సభ జరిపి, మౌనం పాటించి, మరునాటి నుండి పాఠాలు మొదలుపెట్టాం. పైకి అంతా యథావిధిగా సాగుతున్నట్టే కనిపిస్తుంది గానీ పిల్లలు మునుపటిలా లేరు.

ఆ అబ్బాయి కూర్చునే బెంచీలో మిగిలిన ఇద్దరూ ఇవతలి అంచుకు జరిగి ఇరుక్కుని కూర్చుంటున్నారు, అతని చోటు ఖాళీగానే ఉంటోంది. హాజరు పిలుస్తూ అతని పేరు ఉన్న వరుసకు వచ్చేసరికి తరగతంతా తల దించుకుంటుంది. అతని ప్రాణస్నేహితుడు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు, పైగా చిన్న మాటకే తోటివారి మీద చేయి చేసుకుంటున్నాడు. ఒక అమ్మాయి మాత్రం, ఆ సాయంత్రం అతడు ఫోన్ చేసినప్పుడు తాను ఎత్తి ఉంటే బతికి ఉండేవాడేమోనని పదే పదే అడుగుతోంది. ఇవి చాలవన్నట్టు ఘటనా స్థలం ఫోటో ఒకటి పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

ఆ మాట ఎత్తకపోతే పిల్లలే మరచిపోతారని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మనసులో ఉన్నదంతా చెప్పించాలని మరికొందరు పట్టుబడుతున్నారు. ఏది సరైనదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం: కౌమార దశ పిల్లలతో పనిచేసే కౌన్సెలర్

మేడం, మీరు చెప్పిన రెండు మార్గాలూ పిల్లలకు మేలు చేయవు. మొదట రెండో దాని గురించి చెబుతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో చాలా చోట్ల జరిగే పొరపాటు అదే. ఘటన జరిగిన కొద్ది రోజులకే అందరినీ కూర్చోబెట్టి, ఏం చూశారో, ఏమనిపించిందో వరుసగా చెప్పించే పద్ధతిని డీబ్రీఫింగ్ అంటారు. 1983లో జెఫ్రీ మిచెల్ దీనిని అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది వంటి వారి కోసం ప్రతిపాదించగా, ఆ తరువాత బాధితులందరికీ వాడటం మొదలైంది. అయితే ఒక్కసారి జరిపే ఇటువంటి సమావేశం తరువాతి మానసిక సమస్యలను ఆపలేదనీ, కొందరిలో బాధను పెంచి ఉండవచ్చుననీ పరిశోధనల సమీక్షలలో తేలింది. సిద్ధంగా లేని పిల్లవాడిని అందరి ముందు మాట్లాడించడం, ఏమీ చూడని పిల్లవాడికి చూసినవాడి వర్ణన వినిపించడం ఎంత ప్రమాదమో మీరు ఊహించగలరు.

అలాగని మౌనం వహించమని కాదు. పెద్దలు నోరు విప్పని చోట పుకారే వార్త అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో సూత్రం చాలా సరళమైనది: గమనించాలి, వినాలి, అవసరమైన సహాయంతో కలపాలి. మీ తరగతిలో దాని అర్థం ఇది. జరిగినదానిలో ధ్రువపడిన సంగతులను మీరే సూటిగా చెప్పండి. "అతడు వెళ్లిపోయాడు" అనకుండా "అతనిని చంపారు, అతడు చనిపోయాడు" అనండి, ఆ వయసు పిల్లలు నిజాన్ని తట్టుకోగలరు గానీ దాపరికాన్ని తట్టుకోలేరు. ఆపైన, మాట్లాడాలనుకున్నవారు ఎప్పుడు, ఎక్కడ మిమ్మల్ని కలవవచ్చో చెప్పి, అక్కడ నిజంగా అందుబాటులో ఉండండి.

ఏడవని ఆ కుర్రవాడు దుఃఖం లేనివాడు కాదు. ఈ వయసులో, ముఖ్యంగా మగపిల్లలలో, దుఃఖం తరచూ కోపం రూపంలో బయటపడుతుంది. కొట్టడాన్ని అనుమతించకండి, కానీ శిక్షతో సరిపెట్టకండి. పక్కకు పిలిచి మృతుడి పేరు మీరే ఎత్తండి, ఆ పేరు వినడం కోసమే అతడు ఎదురుచూస్తూ ఉండవచ్చు. పైగా స్నేహితుడి దుఃఖానికి కుటుంబ సభ్యుల దుఃఖానికి దొరికే గుర్తింపు దొరకదు. కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు ఇటువంటి గుర్తింపు లేని శోకం గురించి 1989లోనే ప్రత్యేకంగా రాశారు.

ఫోన్ ఎత్తని అమ్మాయితో "నీ తప్పేమీ లేదు" అని ఒక్క మాటతో ముగించవద్దు, అలా అంటే ఆమె మీతో కూడా చెప్పడం మానేస్తుంది. ఏం జరిగి ఉంటుందని అనుకుంటోందో పూర్తిగా చెప్పనివ్వండి. ఆ క్షణంలో ఆమెకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది ఆమె నోటితోనే వచ్చాక, నేరం చేసినది మరొకరన్న సంగతిని గుర్తు చేయండి.

తొలి వారాలలో నిద్ర పట్టకపోవడం, పీడకలలు, చదువు మీద ధ్యాస లేకపోవడం సహజం, చాలామందిలో అవి క్రమంగా తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, ఆ దృశ్యం పదే పదే కళ్ల ముందుకు వస్తుంటే, పిల్లలు బడికి రావడానికే భయపడుతుంటే నిపుణుల వద్దకు పంపాలి. ప్రాణస్నేహితుడు హింసకు బలయ్యాడని తెలియడం కూడా, ఘోర అనుభవం తరువాత మనిషిని వెంటాడే మానసిక రుగ్మత అయిన పీటీఎస్‌డీకి దారితీయగల అనుభవమేనని మానసిక రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే అమెరికా గ్రంథం, 2013 నాటి డీఎస్ఎం-5 స్పష్టంగా పేర్కొంది, కాబట్టి "వాడు చూడలేదు కదా" అనుకోవద్దు. చనిపోవాలన్న మాట ఎవరి నోట వచ్చినా నెల వరకూ ఆగకండి, అదే రోజు తల్లిదండ్రులకు చెప్పి వైద్యసహాయం అందించండి.

రెండో సమాధానం: బడి వయసులో ఇటువంటి సంఘటనను చూసిన వ్యక్తి

అమ్మా, నేను చదువుకునే రోజుల్లో నా సహాధ్యాయిని ఒకరు హత్యకు గురైంది. కౌన్సెలర్ గారు చెప్పినదానికి నేను కలపగలిగింది ఒక్కటే. పెద్దలు ఆమె ఖాళీ చేసిన చోటులో రాత్రికి రాత్రే వేరొకరిని కూర్చోబెట్టారు, హాజరు పట్టీలో పేరును గీత గీసి కొట్టేశారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. మాకు మిగిలినది దుఃఖం కన్నా అవమానం ఎక్కువ. ఆ బెంచీని ఏం చేయాలో, పేరును ఏ రోజున పట్టీ నుండి తీయాలో మీ పిల్లలనే అడగండి. వారిలో వారికి అభిప్రాయభేదం వస్తే రానివ్వండి, అది తేలేలోపు జరిగే సంభాషణే వారికి కావలసినది.

ఇంకొక సంగతి. ఇది ఈ విద్యా సంవత్సరంతో ముగిసేది కాదు. కేసు వాయిదా పడిన ప్రతిసారీ, సాక్షులను పిలిచిన ప్రతిసారీ, తీర్పు వచ్చిన నాడూ పుండు మళ్లీ రేగుతుంది. ఏడాది తిరిగి ఆ తేదీ వచ్చేసరికి అందరూ మరచిపోయి ఉంటారు, ఆ తరగతి పిల్లలు తప్ప. ఆ రోజు వారికి ఒక ఫోన్ చేయండి.

మూడో సమాధానం: నేర వార్తలు రాసే విలేకరి

ఆ ఫోటో విషయం తక్షణం చూడవలసినది. 2013 బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తరువాత జరిగిన ఒక అధ్యయనంలో, తొలి వారంలో రోజుకు 6 గంటలు లేదా అంతకు మించి ఆ వార్తలను, దృశ్యాలను చూసినవారిలో తీవ్రమైన ఒత్తిడి, స్వయంగా అక్కడ ఉన్నవారి కంటే కూడా ఎక్కువగా కనిపించింది. ఒక్క ఫోటోకూ అన్ని గంటల వార్తలకూ తేడా ఉన్నా, చేతిలో ఉన్న ఫోన్ ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లయినా చూపిస్తుంది. పంపినవారిని నేరస్థులుగా నిలబెట్టకుండా, అది అతని తల్లి కంటపడితే ఎలా ఉంటుందో ఒక్కసారి అడగండి, చాలామంది తామే తీసేస్తారు.

అయితే మృతుడు చివరి రోజుల్లో పంపిన సందేశాలు, ఫోన్ కాల్ వివరాలు ఎవరి దగ్గరైనా ఉంటే వాటిని తుడిచివేయవద్దనీ, ఇతరులకు పంపవద్దనీ, తల్లిదండ్రుల సమక్షంలో పోలీసులకు మాత్రమే చూపాలనీ చెప్పండి. బడి గేటు దగ్గర మావంటివారు మైకు పెడితే జవాబు చెప్పనవసరం లేదని కూడా పిల్లలకు తెలియాలి. ఈ మాట నా వృత్తిలో ఉన్నవాడిగానే చెబుతున్నాను.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు

అందరికీ కృతజ్ఞతలు. బెంచీ సంగతి రేపే పిల్లలను అడుగుతాను. నిందితుడి చెల్లెలి గురించి ఎవరూ ప్రస్తావించలేదు. ఆమె వారం రోజులుగా బడికి రావడం లేదు. వస్తే మా పిల్లలు ఎలా ప్రవర్తిస్తారో నాకు భయంగా ఉంది.

కౌన్సెలర్

ఆమె కూడా ఒకేసారి అన్నను, ఇంటి పరువును, స్నేహితులను పోగొట్టుకున్న పిల్లే మేడం, అయితే ఆమె బాధను పలకరించడానికి ఊరిలో ఎవరూ సాహసించరు. ఆమె వచ్చేలోపే, ఆమె తరగతిలోనూ మీ తరగతిలోనూ విడివిడిగా ఒక మాట స్పష్టం చేయండి: ఆమె మీద కోపం రావడం వేరు, ఆమెను మాటతో గానీ చేతితో గానీ గాయపరచడం వేరు, రెండోదాన్ని బడి సహించదు. మృతుడి మిత్రులను ఆమెతో స్నేహంగా ఉండమని మాత్రం బలవంతం చేయకండి, అది వారికి అన్యాయం. ముందుగా ప్రధానోపాధ్యాయులు, ఆమెకు చనువున్న ఒక టీచరు కలిసి ఇంటికి వెళ్లి, బడిలో ఆమెకు స్థానం ఉందని తల్లిదండ్రులకు చెప్పాలి. మొదటి కొన్ని రోజులు రాకపోకల వేళ, విరామ సమయంలో ఒక పెద్దవారు ఆమెకు దగ్గరలో ఉండాలి. ఇవన్నీ చేశాక కూడా ఆమె వేరే బడికి మారాలనుకుంటే, ఆ నిర్ణయం ఆమెది, ఆమె కుటుంబానిది అయి ఉండాలి తప్ప ఊరిది కాకూడదు.