పెరటి మట్టిలో ఉప్పు ఎంతుందో టీడీఎస్ పెన్నుతో తెలుస్తుందా?

పెరటిమడి: మాది బాపట్ల దగ్గర, ఇసుక నేల. ఎండాకాలం బోరు నీళ్లే దిక్కు. ఉల్లినారు కొసలు మాడిపోతున్నాయి. పక్క మడిలో పాలకూర మాత్రం నవనవలాడుతోంది! గట్ల మీద తెల్లటి పొర. పక్కింటివాళ్లు జిప్సం చల్లమంటున్నారు. తాగే నీళ్లు చూసుకునే టీడీఎస్ పెన్ను ఇంట్లో ఉంది. దాంతో మట్టి కూడా చూడొచ్చా?

రిటైర్డ్_మట్టిల్యాబ్: చూడొచ్చమ్మా. ల్యాబ్‌లో మేం చేసిందీ ఇదే, మీటరు పెద్దది, అంతే.

ముందు ఆ జిప్సం సంగతి ఆపండి. అది కారు చౌడుకి మందు. పీహెచ్ 8.5 దాటి, సోడియం పట్టి, నీరు ఇంకని నేలకి వేస్తారు. మీది పాల చౌడులా ఉంది, అంటే మామూలు ఉప్పులు పేరుకున్న నేల. జిప్సమూ ఒక ఉప్పే కదా!

తెల్ల పొర గీకేసి, ఐదారు చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి కలపండి. నీడన ఆరబెట్టి జల్లించండి. 20 గ్రాముల మట్టికి 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోయండి, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. అరగంట మధ్యమధ్యలో కలిపి, తేరాక పెన్ను ముంచండి. పీపీఎం వద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కతో చూపిస్తుంది. మైక్రోసీమెన్స్ బటన్ ఉంటే అది నొక్కండి. 1000 అంటే ఈసీ 1. ఈసీ అంటే నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చెప్పే కొలత, ఉప్పు పెరిగితే అదీ పెరుగుతుంది. బోరు నీళ్లూ చూసి చెప్పండి.

మేడమీదతోట: సార్, కుండీల్లో కొబ్బరి పొట్టుకీ ఇదే కొలతా?

రిటైర్డ్_మట్టిల్యాబ్: కాదు, పొట్టు తేలిక, తూకం కుదరదు. కుండీకి నీళ్లు పోసి కింద కారినవి పట్టి చూడండి. కడగని పొట్టులో ఉప్పు బాగా ఉంటుంది.

పెరటిమడి: మట్టి 900, బోరు నీళ్లు 2100. 1 లోపు ఉంటే మంచి నేల అని ఎక్కడో చదివాను?

రిటైర్డ్_మట్టిల్యాబ్: ఆ లెక్కకి మురిసిపోకండి. ఇసుక పట్టి ఉంచే నీరు చాలా తక్కువ. మీరు రెండున్నర రెట్లు నీళ్లు కలిపి పలచన చేసి చూశారు. వేరు దగ్గర ఉప్పు అంతకంటే చాలా చిక్కగా ఉంటుంది. ఉల్లికి అది తట్టుకోవడం కష్టం. పాలకూర బీట్‌రూట్ చుట్టం కాబట్టి ఓర్చుకుంటోంది.

అసలు దొంగ మీ బోరు. రోజూ కాసిని కాసిని చల్లితే నీరు ఆవిరై ఉప్పు పైనే మిగులుతుంది. కాలవ నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో దొరికితే మడి నిండా పెట్టండి. ఇసుకలో ఉప్పు త్వరగానే కిందికి దిగుతుంది. అవి చాలకపోతే బోరు నీళ్లలో కలిపి వాడండి. ఆకుల మీద మాత్రం పడనీయకండి. ఉల్లి వానల తర్వాత వేసుకోండి, ఈలోగా ఆ మడిలోనూ పాలకూరే చల్లండి.