స్ప్రింగ్‌బాక్స్ పదో నంబర్ ఎవరికి: పొలార్డా, లిబొక్కా, సాషానా?

ట్రైలైన్:
దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు స్ప్రింగ్‌బాక్స్‌కి ఫ్లై-హాఫ్‌లు (పదో నంబర్ వేసుకుని దాడిని నడిపేవాళ్లు) ముగ్గురు: హాండ్రే పొలార్డ్, మానీ లిబొక్, సాషా ఫైన్‌బర్గ్-మ్‌గోమెజులు. ఆస్ట్రేలియాలో 2027 ప్రపంచకప్ నాటికి వయసులు వరసగా 33, 30, 25. 2025లో కోచ్ రాసీ ఎరాస్మస్ ముగ్గుర్నీ మార్చిమార్చి ఆడించాడు. నాకౌట్ మ్యాచ్‌లో మొదటి పదిహేనుమందిలో ఎవరుండాలి? నా ఓటు సాషాకి. 2025 సెప్టెంబర్‌లో డర్బన్‌లో అర్జెంటీనా మీద 67-30తో గెలిచినప్పుడు 37 పాయింట్లు అతనివే: 3 ట్రైలు (ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనించడం, 5 పాయింట్లు), 8 కన్వర్షన్లు (ట్రై తర్వాత గోల్‌కి కొట్టే కిక్, 2), 2 పెనాల్టీలు (తప్పుకి దొరికే కిక్, 3). ఒక టెస్టులో, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌లో, ఏ స్ప్రింగ్‌బాక్ కూడా అన్ని చేయలేదు.

పాతబూటు:
67 కొట్టిన రోజున పదో నంబర్‌లో ఎవరున్నా బాగానే కనిపిస్తారండీ. నాకౌట్ లెక్క వేరు. 2023 ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్ 29-28, సెమీస్ 16-15, ఫైనల్ 12-11. మూడూ ఒక్క పాయింటు తేడాయే. సెమీస్‌లో లిబొక్‌ని సగం ఆట కూడా కాకముందే, 31వ నిమిషంలో తీసేశారు. చివర్లో దాదాపు సగం మైదానం అవతల నుంచి పెనాల్టీ కొట్టి గెలిపించింది పొలార్డ్. ఫైనల్లో ఆ 12 పాయింట్లూ అతని నాలుగు పెనాల్టీలే. లీగ్ దశలో ఐర్లండ్ మీద 8-13తో ఓడిన మ్యాచ్ చూడండి. లిబొక్ ఒక కన్వర్షన్, ఒక పెనాల్టీ, స్క్రమ్-హాఫ్ (తొమ్మిదో నంబర్, గుంపులోంచి బంతి తీసి అందించేవాడు) డి క్లర్క్ రెండు పెనాల్టీలు పోగొట్టారు. మొత్తం 11 పాయింట్లు. అందులో సగం వచ్చినా గెలుపే.

గెయిన్‌లైన్:
పాతబూటు గారూ, ఆ లెక్క అటూ ఇటూ తెగుతుంది. 2024 జులైలో డర్బన్‌లో పొలార్డ్ ఐర్లండ్ మీద 8 పెనాల్టీలు కొట్టాడు, 24 పాయింట్లు. మ్యాచ్ 24-25తో పోయింది, ఎందుకంటే ఒక్క ట్రై కూడా రాలేదు.

తేడా ఆటగాడు నిలబడే చోట ఉంది. లిబొక్ గెయిన్ లైన్‌కి (దాడి చేసే జట్టు దాటితే ముందుకెళ్లినట్టు లెక్కయ్యే ఊహా గీతకి) దగ్గరగా, పరిగెత్తుతూనే బంతి అందుకుంటాడు. తానే దూరతాడేమోనని లోపలి డిఫెండర్ అక్కడే ఆగిపోతాడు, బయట ఒక మనిషికి జాగా దొరుకుతుంది. పొలార్డ్ కాస్త వెనక నిలబడతాడు. కిక్‌కి టైము దొరుకుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, కానీ డిఫెన్స్ మొత్తం పక్కకి జరిగి సర్దుకునే టైమూ దొరుకుతుంది. దగ్గరగా ఆడటంలో ప్రమాదం లేకపోలేదు. పాస్ అర అడుగు వెనక పడితే ఫార్వర్డ్ (ముందు గుంపులో ఆడే బలాఢ్యుడు) ఆగి అందుకోవాలి, ఇద్దరు వచ్చి పడతారు, రక్ (కింద పడ్డ బంతి కోసం తోపులాట) నెమ్మదిస్తుంది, తర్వాతి ఫేజ్, అంటే తర్వాతి విడత దాడి, చచ్చిపోయినట్టే.

కన్వర్షన్ల గురించి ఎవరూ అనని మాట ఒకటుంది. ట్రై ఎక్కడ పడితే అక్కడికి సూటిగా ఎదురుగా ఉన్న గీత మీదనుంచే కన్వర్షన్ కొట్టాలి, పక్కకి పోయేకొద్దీ కోణం కష్టం. లిబొక్ ఆట రెక్కలకి, అంటే మైదానం రెండు అంచులకి, తెరుచుకునే ఆట. 2023లో స్కాట్లండ్ మీద చూడకుండా అడ్డంగా అవతలి అంచుకి కొట్టిన క్రాస్ కిక్‌ని వింగర్ అరెన్సే ట్రై చేశాడు కదా, అలాంటివి మూలల్లోనే పడతాయి. తన ఆటే తనకి కష్టమైన కిక్కులు తెచ్చిపెడుతుంది.

ఏడూఒకటి:
మీరంతా పదిహేను మందినే చూస్తున్నారు. ఇది బెంచ్ లెక్క. 2023లో ఆ ఐర్లండ్ మ్యాచ్‌కి బెంచ్ మీద ఏడుగురు ఫార్వర్డ్‌లు, ఒక్క బ్యాక్ (వెనక వరసలో పరిగెత్తే, కిక్ కొట్టే ఆటగాడు). ఆ ఒక్కడూ స్క్రమ్-హాఫ్ రైనాక్. లిబొక్ కాలు కుదరకపోతే డి క్లర్క్ తప్ప దిక్కులేదు, జరిగింది అదే.

ఆ టోర్నీ మధ్యలో పొలార్డ్‌ని తెచ్చినందుకూ ధర చెల్లించారు. అతను వచ్చింది గాయపడిన మాల్కమ్ మార్క్స్ స్థానంలో, మార్క్స్ హుకర్, అంటే లైనౌట్‌లో (బంతి బయటికి పోయాక అంచు నుంచి లోపలికి విసిరే ఆటలో) బంతి విసిరేవాడు. ఫైనల్ మొదట్లోనే మరో హుకర్ ఎంబొనంబి దెబ్బ తిని వెళ్లిపోతే, మామూలుగా ఫ్లాంకర్‌గా (వేరే ఫార్వర్డ్ చోట) ఆడే డియోన్ ఫోరీ మిగతా మ్యాచంతా లైనౌట్‌లో బంతి విసరాల్సి వచ్చింది. గోల్ కిక్కర్ కోసం లైనౌట్‌ని తాకట్టు పెట్టారన్నమాట.

సాషా విలువ ఇక్కడే. 10, 12 (సెంటర్), 15 (ఫుల్‌బ్యాక్) మూడు చోట్లా ఆడగలడు, జట్టులోని మరో బ్యాక్ విలెమ్సే కూడా అంతే. ఆ ఇద్దరూ ఉంటే బెంచ్ మీద ఒక్క బ్యాక్‌తో నెగ్గుకురావచ్చు.

ట్రైలైన్:
అయితే మార్చుకుంటున్నా. సాషా 10, పొలార్డ్ బెంచ్ మీద, 6-2 విభజన (ఆరుగురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు బ్యాక్‌లు). 60వ నిమిషంలో పొలార్డ్ వస్తే సాషా 12కి జరుగుతాడు. లిబొక్‌కి చోటెక్కడ?

గెయిన్‌లైన్:
ఎదురు జట్టుని బట్టి. 2025లో న్యూజిలాండ్ మీద ఈడెన్ పార్క్‌లో పొలార్డ్ మొదలుపెట్టి 17-24తో ఓడారు. వారం తిరిగేసరికి వాళ్ల మీదే వెల్లింగ్టన్‌లో లిబొక్‌తో 43-10 గెలుపు. అందులో సగం గొప్ప ఫార్వర్డ్‌లదే అనుకోండి.

పాతబూటు:
సగమా? ముప్పాతిక. అదే లిబొక్ ఆగస్టులో ఎలిస్ పార్క్‌లో ఆస్ట్రేలియా మీద మొదలుపెట్టినప్పుడు 22-0 ఆధిక్యం కాస్తా 22-38 ఓటమి అయింది.

60వ నిమిషం మార్పులో ఒక్క సవరణ: ఆ తర్వాత కిక్కులు పొలార్డ్‌వి. ట్రై పడ్డాక ఎవరు కొడతారని ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటే కుదరదు, 2024 నుంచి కన్వర్షన్‌కి 60 సెకన్లే, అంతకుముందు 90 ఉండేవి. పైగా కిక్కర్ అడుగు కదిపిన క్షణం నుంచి ఎదుటివాళ్లు దూకొచ్చు. 2023 క్వార్టర్స్‌లో మన కోల్బే అలాగే పరిగెత్తి ఫ్రాన్స్ కిక్కర్ రామోస్ కన్వర్షన్‌ని అడ్డుకున్నాడు. ఆ మ్యాచే 29-28.