నర్సరీ పనికి కోర్సు కావాలా, కడియంలో రెండేళ్లు పనిచేస్తే చాలదా?

పెందుర్తి కుర్రాడు:
మా తమ్ముడు పది పాసయ్యాడు, మొక్కలంటే ప్రాణం. నాన్న ఉద్యాన పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేయమంటున్నారు. మామయ్యేమో "డబ్బు కట్టి నేర్చుకునే పనా ఇది, కడియంలో ఏదో ఒక నర్సరీలో చేర్చండి, జీతమిస్తూ నేర్పుతారు" అంటున్నాడు. వైజాగ్‌లో ల్యాండ్‌స్కేపింగ్ (ఇళ్లకి, వీధులకి మొక్కలు, తోటలు వేసే పని) చేస్తున్నవాళ్లు కాస్త చెప్పండి.

గాజువాక గార్డెన్స్:
మీ మామయ్య చెప్పిందే కరెక్ట్. అంటు కట్టడం పుస్తకం చదివితే రాదు, చేతికి అలవాటు కావాలి. డిప్లొమా చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లు మొక్కల శాస్త్రీయ నామాలు గడగడా చెబుతారు, గొయ్యి తవ్వమంటే మాత్రం మొహాలు చూసుకుంటారు.

మధురవాడ మొక్కలు:
గాజువాక గారూ, అంటు విషయంలో మీతో వాదన లేదు. కానీ మొక్క లారీ ఎక్కగానే నర్సరీ పని అయిపోతుంది, ల్యాండ్‌స్కేపింగ్ వాడి పని అక్కడే మొదలవుతుంది. ఆ మొక్క పదేళ్ల తర్వాత ఎంత మాను అవుతుంది, దాని వేర్లు ఎటు పోతాయి, ఉప్పుగాలికి ఆకు మాడుతుందా అన్నది నర్సరీలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి ఊళ్లో చెట్లు ఎలా పడిపోయాయో అందరం చూశాం. తర్వాత త్వరగా పెరుగుతుంది, నీడ ఇస్తుందని ఏడాకులపాల తెచ్చి వీధుల్లో నాటారు. ఇప్పుడు చలికాలం ముందు అది పూసిందంటే రాత్రిళ్లు ఆ ఘాటుకి కిటికీలు మూసుకోవాల్సి వస్తోంది, ఆయాసం ఉన్నవాళ్లయితే కొట్టేయమని ఫిర్యాదులు పెడుతున్నారు. ఏ చెట్టు ఎక్కడ నాటాలో తెలిసినవాళ్లు లేకపోతే జరిగేది ఇదే.

ఇంకోటి. కవర్లో ఎక్కువ కాలం ఉంచిన మొక్కని కవరు కోసి చూడండి, వేర్లు అడుగున గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి. వాటిని కత్తితో నాలుగు పక్కలా నిలువుగా కోసి, విడదీసి నాటాలి. అలాగే గోతిలో దింపేస్తే ఆ వేర్లు చుట్లు చుడుతూనే ఉంటాయి, చెట్టు పైకి ఏపుగా కనిపిస్తుంది, పెద్ద గాలికి మొదలంటా ఒరిగిపోతుంది. ఎన్నో ఏళ్లు నర్సరీలో చేసినవాళ్లు కూడా కవరు చింపి అలాగే దింపేయడం నేను చూశాను.

గాజువాక గార్డెన్స్:
వేర్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ రెండేళ్లు సంపాదన లేకుండా ఆ ఇల్లు ఎలా గడవాలి? దానికి మీ దగ్గర జవాబుందా?

మధురవాడ మొక్కలు:
ఉంది. సెలవుల్లో నర్సరీలో రోజు కూలికి చేయమనండి, ఆ చేతి అలవాటు కూడా వస్తుంది. ఇంట్లో నిజంగా గడవకపోతే ముందు నర్సరీలోనే చేరనివ్వండి, కానీ చదువు అక్కడితో ఆపేయొద్దు. పెందుర్తి తమ్ముడూ, సీటు తీసుకునే ముందు ఒకసారి కాలేజీకి వెళ్లి షేడ్‌నెట్ (మొక్కలకి నీడ కోసం కట్టే వల) కింద పిల్లలు పనిచేస్తున్నారా, కూలీలే చేస్తున్నారా చూసి రండి. కూలీలే చేస్తుంటే అక్కడ చేర్చొద్దు, వేరే కాలేజీ చూడండి.