నూనె సింకులో, మాత్రలు టాయిలెట్‌లో... నిజంగా అంత నష్టమా?

ప్రశ్న:
మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. వాడేసిన నూనె సింకులో పోసి వెనకే వేడినీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది కదా అని నేను, డేట్ అయిపోయిన మాత్రలు ఫ్లష్ చేసేస్తే పిల్లల చేతికి చిక్కవని మా ఆవిడ. మా అమ్మాయేమో ఇద్దరూ కలిసి నీళ్లు పాడుచేస్తున్నారంటుంది. మురుగునీళ్లను ఎలాగూ శుద్ధి చేసే వదులుతారు కదా, ఒక్క ఇంటితో ఏమవుతుంది?

జవాబు 1:
వేడినీళ్లకు కరిగేది మీ సింకు దగ్గరే. కాస్త ముందుకెళ్లి పైపు చల్లగా ఉన్న చోట కొవ్వు మళ్లీ పేరుకుంటుంది, దానికి వెట్ వైప్స్ లాంటివి చుట్టుకున్నాయంటే ఇక బండరాయే. 2017లో లండన్ వైట్‌చాపెల్ కింద మురుగు కాలవలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న గడ్డ దొరికింది, తీయడానికి వారాలు పట్టింది. అందరూ మీలాగే కొంచెం కొంచెం పోసిందే (ఏమనుకోకండి). చల్లారాక మూత ఉన్న సీసాలో పోసి పెట్టండి, గిన్నెకు అంటుకున్నది కాగితంతో తుడిచి కడగండి.

జవాబు 2:
మాత్రల విషయంలో మీ అమ్మాయిదే కరెక్ట్. శుద్ధి కేంద్రాలు కట్టింది మందుల కోసం కాదు, చాలా మందులు వాటిని దాటుకుని నదుల్లోకి పోతాయి. యాంటీబయాటిక్స్ అయితే వాటికి లొంగని బ్యాక్టీరియాను పెంచిపోషించినట్టే. మందుల షాపువాళ్లు వెనక్కి తీసుకుంటారేమో అడగండి, లేదంటే వాడేసిన కాఫీ పొడిలో కలిపి, మూటకట్టి చెత్తలో వేయండి. లేబుల్ మీద ఫ్లష్ చేయమని రాసున్న కొన్ని బలమైన నొప్పి మందుల సంగతి వేరు.

జవాబు 3:
అన్నీ చెత్తబుట్టలోకి తోసేస్తే పనైపోయిందనుకోవద్దు. తడి చెత్త కుప్పలో కుళ్లి నల్లటి రసం కారుతుంది, వాన పడితే ఇంకా ఎక్కువ. అందులో బ్యాటరీలు కలిస్తే వాటి లోహాలు కూడా ఆ రసంలోకి దిగుతాయి, కుప్ప అడుగున సరైన పొర లేకపోతే అదంతా భూగర్భజలంలోకే. బ్యాటరీలు మాత్రం వేరుగా ఇవ్వండి ప్లీజ్.

నన్నడిగితే వీటికంటే పెద్ద సంగతి పారేసే తిండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. మనుషులు తోడుకునే మంచినీళ్లలో దాదాపు 70 శాతం పంటలకే పోతున్నాయి కాబట్టి అవీ దాంతోపాటే బుట్టలో పడ్డట్టు.

ప్రశ్న అడిగినవారు:
సరే, ఒప్పుకున్నా. నూనె సీసా పెట్టాను. అది సింకు కింద ఉండాలా, బయట ఉండాలా అని ఇప్పుడు కొత్త గొడవ మొదలైంది.